ఆమె ఏం కనిపెట్టిందో రాద్దాం

తిమ్మాజిపేటలో సాహిత్య సభ పెట్టుకుని, అధ్యక్షోపన్యాసానికి మహిళా శాస్త్రవేత్తల గురించి, వికీపీడియా గురించి ఎంచుకోవడం కొందరు పెద్దలకు వింతగా తోచవచ్చు. నా దృష్టిలో ఇది అచ్చంగా సాహిత్యకారుల పని. జీవితచరిత్ర రాయడం, ఆధారం వెతకడం, వెతికింది అచ్చులో పెట్టడం మనకు తెలిసిన విద్యలే. భండారు అచ్చమాంబ 1901లోనే అబలా సచ్చరిత్ర రత్నమాల వెలువరించారు. స్త్రీల చరిత్రలు ఏరి కూర్చి తెలుగువారికి అందించారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు ఆమె తమ్ముడే. అక్క పని ముందు, తమ్ముడి పని తర్వాత. ఈ వరుస మనం గుర్తుపెట్టుకోవాలి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. జీతం లేకుండా, రాత్రిళ్లు కూర్చుని, ఒక్కో మొలకకు నీళ్లు పోసి పెంచుతున్న వాడుకరులే దాని బలం. మార్చి నెల వస్తే మహిళల మీద ఎడిటథాన్లు, అంటే కలిసి కూర్చుని వ్యాసాలు రాసే కార్యక్రమాలు, పెట్టి పేజీలు రాసిన వారున్నారు. అయితే వాళ్ల చేతులు ఒకచోట కట్టివేసి ఉన్నాయి. వికీలో రాసే ప్రతి మాటకూ మూలం కావాలి. ఎక్కడో అచ్చయి ఉంటేనే అక్కడ నిలుస్తుంది, లేకపోతే తొలగింపు చర్చకు వెళుతుంది.

ఈ నియమం ఎంత దూరం పోతుందో 2018లో లోకమంతా చూసింది. ఆ ఏడాది అక్టోబరు 2న డోనా స్ట్రిక్‌లాండ్‌కు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. ఆ ఉదయానికి ఇంగ్లీషు వికీపీడియాలో ఆమెకు పేజీ లేదు. ఎవరో రాసి పెట్టిన చిత్తుప్రతిని అదే ఏడాది మేలో మూలాలు చాలవని వెనక్కి పంపారు. బహుమతి పంచుకున్న జెరార్ మూరూకు మాత్రం పేజీ ఉంది. ఆ వికీ జీవితచరిత్రల్లో స్త్రీలవి నూటికి 16 కూడా లేని రోజుల్లో, 2015లో, ఆ లోటు పూడ్చడానికి విమెన్ ఇన్ రెడ్ అనే బృందం బయలుదేరింది. ఇన్నేళ్ల శ్రమ తర్వాత ఆ సంఖ్య 20కి దగ్గరైంది. పట్టుదల ఉన్న చోట కూడా నడక ఇంత నెమ్మది.

మన విషయానికి వస్తాను. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో తెలుగు ఇంట పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, ఒడిలో నాలుగు నెలల పాప. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి విద్యుత్ ఇంజనీరింగ్ చదివారు. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ వ్యవస్థ రూపకల్పనలో పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు. 1979లో కన్నుమూశారు. ఆమె కథ ఈనాడు ఇంత వివరంగా మనకు దొరుకుతోందంటే, ముఖ్య కారణం ఆమె కుమార్తె చెప్పడం, విన్నవాళ్లు దాన్ని అచ్చులో పెట్టడం. చెప్పే కూతురు లేని శాస్త్రవేత్తల సంగతి ఏమిటి?

ఇక్కడ మనవాళ్ల మీద నాకొక గట్టి ఫిర్యాదు ఉంది. మనం స్త్రీల గురించి రాయడం లేదని కాదు, రాస్తాం. సన్మాన పత్రాలు రాస్తాం, అభినందన సంచికలు వేస్తాం. వాటిలో విశేషణాలు పేజీలకు పేజీలు ఉంటాయి. పుట్టిన సంవత్సరం ఉండదు, పరిశోధన ఏ అంశం మీదో ఉండదు, ఎక్కడ ప్రచురించారో ఉండదు. పత్రికల వాళ్లు ఇంటర్వ్యూకు వెళితే ఇల్లూ ఉద్యోగమూ ఎలా నెగ్గుకొస్తున్నారని అడుగుతారు. ఆ వ్యాసం వల్ల వికీ వాడుకరికి ఒక్క వాక్యం కూడా దొరకదు. పెళ్లితో ఇంటిపేరు మారితే ముందటి పరిశోధన పత్రాలు ఒక పేరుతో, తర్వాతివి ఇంకొక పేరుతో ఉండిపోతాయి. రెండూ ఒకరివేనని రాసిపెట్టేవారు ఉండరు.

2025 జూన్‌లో జమ్మూ కాశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెన ప్రారంభమైనప్పుడు, దాని నిర్మాణంలో పాలుపంచుకున్న ప్రకాశం జిల్లా ఇంజనీరు గాలి మాధవీలత పేరు తెలుగు పత్రికల్లో మారుమోగింది. ఎంతో సంతోషం. కానీ పగుళ్లున్న కొండరాతిలో పునాది ఎలా నిలిపారు, తవ్వేకొద్దీ బయటపడిన రాతిని బట్టి డిజైన్ ఎలా మార్చుకున్నారు అనేది ఆమె పరిశోధన పత్రంగా రాశారు. అది తెలుగులోకి రావాలి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో మంజులా రెడ్డికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. బ్యాక్టీరియా పెరగాలంటే తన చుట్టూ ఉన్న గోడను తానే అక్కడక్కడా తెంచుకుని కొత్త భాగం చేర్చుకోవాలి. ఆ తెంచే ఎంజైములను గుర్తించడం ఆమె పరిశోధనలో ముఖ్యమైనది. కొత్త యాంటీబయాటిక్‌లకు అది దారి చూపగలదు. బహుమతి సంగతి ఒక వాక్యంలో అయిపోతుంది. ఈ గోడ సంగతి పదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా రాయడమే అసలు కష్టం, తెలుగు బాగా వచ్చినవాళ్లు చేయవలసిన కష్టం.

వివరాలు సేకరించి అచ్చువేసే పనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాట వచ్చినప్పుడు మన గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి వాదించి ఊరుకోలేదు. వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. లేరన్నవారికి జాబితాయే జవాబు అయింది.

ఆ పని మనమూ చేయగలం. పక్కనే బిజినేపల్లి మండలం పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, జొన్న, ఆముదం మీద పనిచేసిన చోటు. మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ పరిశోధన చేసిన, చేస్తున్న స్త్రీలను కలవండి. ఏ వంగడం మీద పనిచేశారు, ఏ సంవత్సరంలో, ఎవరితో కలిసి, ఎక్కడ ప్రచురించారు అని అడగండి. పెళ్లికి ముందు పేరు అడగండి. వారి అనుమతితో రాసి మొదట పత్రికకు పంపండి. సంపాదకులు పొగడ్తలు కొట్టేసి తేదీలు ఉంచండి. సొంత బంధువుల మీద వికీలో మీరే పేజీ పెట్టకండి, అచ్చులో ఆధారం ఉంటే వేరే వాడుకరి రాస్తారు. కళాశాల అధ్యాపకులు ఒక్కొక్కరు ఈ ఏడాది ఒక్క శాస్త్రవేత్త బాధ్యత తీసుకోవాలని కోరుతున్నాను. పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక వేదిక దగ్గరకు రండి.