సేద్యపు సహాయ ధనము - కూలిజనుల పని
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ప్రభుత్వము సేద్యమునకిచ్చు ధనసహాయము వలన పొలములో పని పెరుగుచున్నదా, తరుగుచున్నదా యనునది నేడు నేను విన్నవింపదలచిన విషయము. మనలో పట్టాదారులు కలరు, కౌలుదారులు కలరు, కూలికి పోవువారును కలరు. ఒకే సహాయము ఈ మూడు తెగలవారికిని ఒకే తీరున ఫలింపదు. 2001వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున సేద్యగాండ్రు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011 నాటికి సేద్యగాండ్రు 11.88 కోట్లకు తగ్గిరి, కూలీలు 14.43 కోట్లకు పెరిగిరి. కావున కూలివాని మాట యెత్తక రైతు మాట యెత్తుట సగము మాట యగును.

మొదట నీటి సంగతి. 2004వ సంవత్సరమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు సేద్యపు మోటార్లకు ఉచిత విద్యుత్తు ఏర్పడెను. బోరులో నీరున్నచోట రెండవ పంట పండించుటకు వీలు కలిగెను. రెండవ పంటయనగా మరల నాట్లు, మరల కలుపుతీత, మరల కోత. ఇది పనిని పెంచు సహాయము. అయితే భూగర్భజలము అడుగంటినచో ఆ పనియు అడుగంటును.

రెండవది యంత్రము. 2014-15 నుండి కేంద్రప్రభుత్వ పథకము క్రింద సేద్యపు యంత్రముల వెలలో సాధారణముగ నూటికి 40 మొదలు 50 వంతుల వరకు సహాయము లభించినది. కోతకాలమున కూలీలు దొరకక, వాన భయమున రైతు యంత్రమును పిలుచుట తప్పు కాదు. కాని పలువురు దినమెల్ల కోయు మడిని వరికోత యంత్రము స్వల్పకాలములో ముగించును. పోయిన కూలి మిక్కిలిగా స్త్రీలది. యంత్రము నడుపు పని పురుషులది. పత్తితీత మాత్రము మన ప్రాంతములలో నేటికిని ఎక్కువగా స్త్రీల చేతులమీదనే జరుగుచున్నది.

మూడవది నగదు. తెలంగాణమున 2018లో రైతుబంధు ప్రారంభమై, పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయలు, 2019 నుండి 5,000 రూపాయలు పట్టాదారునికి ముట్టెను. పెట్టుబడికి అది అక్కరకు వచ్చినమాట సత్యము. కాని కౌలుదారునకు ఆ పథకమున చోటు లేకపోయెను. దున్నినవాడొకడు, ధనమందుకొన్నవాడొకడు! ఆంధ్రప్రదేశమున 2019లో వచ్చిన రైతుభరోసా భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులను చేర్చుకొనెను. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వము, ఉపాధిహామీ పనికి కనీసము 20 దినములు పోయిన భూమిలేని కుటుంబములకు ఏటికి 12,000 రూపాయల సహాయమును ప్రారంభించెను. కూలివాడును సేద్యములో భాగస్వామియేయని ఒప్పుకొనిన మెట్టు ఇది.

ఇందు మనము గ్రహింపవలసినది యొక్కటి. నీటికిచ్చిన ధనము పనిని పెంచవచ్చును. యంత్రమునకిచ్చినది పనిని తగ్గించవచ్చును. పట్టాకిచ్చినది పట్టాను వెదకికొనిపోవునే గాని పనివానిని వెదకదు. కావున ఏ సహాయమునైనను ఎన్ని రూపాయలని మాత్రమే గాక, ఎందరికి ఎన్ని దినముల పని నిలిపెనని కూడ కొలువవలెను.

ప్రభుత్వమును అడుగుటకు ముందు మన యింట చేయదగినవి మూడు కలవు. పొలమును కౌలుకిచ్చిన మన పట్టాదారులు తమకు వచ్చిన సహాయమును కౌలులో తగ్గించి యిత్తురు గాక. కౌలుదారునకు సాగు గుర్తింపు పత్రము కొరకు సంతకము చేయుటకు జంకకుందురు గాక. ఆంధ్రప్రదేశమున 2019 నాటి చట్టము పదునొకండు నెలల సాగు హక్కునకే గాని భూస్వామ్యమునకు కాదు. మన సంఘ నిధినుండి యువకులకే గాక యువతులకును యంత్రములు నడుపుట, మరమ్మతు చేయుట నేర్పింతుము గాక.

ఒకే కులమువారమని యీ పందిటిలో కలిసి కూర్చుంటిమి. పొలము గట్టుమీద పట్టాదారుడు, కౌలుదారుడు, కూలివాడు ఒకరినొకరు న్యాయముగ చూచుకొన్ననాడే యీ కలయిక సార్థకమగును. ఈ మూడంశములను తీర్మానముగ అంగీకరింప సభవారిని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.