కాలినడకకు కాసుల లెక్క

“కాలినడకకు కాసులెందుకురా?” అని మా పెదతండ్రిగారు పండరిపుర యాత్రకు బయలుదేరు దినమున నవ్వుచు పలికిరి. ఏకాదశినాడు విఠలుని సన్నిధి చేరునప్పటికి వారి సంచి ఖాళీ అయ్యెను. తోడివారివద్ద చేబదులు తీసికొని ఇల్లు చేరిరి. ఆ బదులు తీరువరకు యాత్రావిశేషములను ఎవ్వరికిని చెప్పలేదు.

శ్రోతలారా! నడక ఉచితమే, నడచు దినములు ఉచితములు కావు. తెనాలి రామకృష్ణకవి కావ్యమువలన మనకు పరిచితమైన ఈ పాండురంగ క్షేత్రమునకు జ్ఞానేశ్వరుని పల్లకి జ్యేష్ఠ బహుళమున ఆళందినుండి బయలుదేరును. పుణె, సాస్వడ్, జేజూరి, ఫల్టణ్ మీదుగా సుమారు 250 కిలోమీటర్లు సాగి ఆషాఢ శుద్ధ ఏకాదశికి పండరిపురము చేరును. మనము లెక్కింపవలసినది ఈ దూరమును కాదు, దినములను. నడక సుమారు 18 దినములు. ఆళంది చేరుటకు, దర్శనపు వరుసలో వేచియుండుటకు, మరలి వచ్చుటకు మరి 4 దినములు. మొత్తము 22.

యాత్రికులు దిండీలనబడు బృందములుగా నడచుదురు. దిండీలో చేరువారు ముందుగా కొంత రుసుము చెల్లింతురు. వంట, గుడారములు, సామాను మోయు లారీ ఆ ఉమ్మడి సొమ్ముతోనే జరుగును. ఒంటరిగా నడచుటకంటె ఇది చౌక, క్షేమము. దారి పొడవునను గ్రామస్థులు అన్నము, ఫలహారము పెట్టుదురు. అది వారి సేవ. దానిని మన పద్దులో ఆదాయముగా వ్రాసికొనరాదు.

సొమ్మును నాలుగు మూటలుగా కట్టుడు. మొదటిది తిరుగు ప్రయాణపు ఛార్జీ. దీనిని దారిలో ముట్టరాదు. రెండవది దిండీ రుసుము, చేతిఖర్చు. దినమునకు 150 రూపాయలనుకొన్నచో చేతిఖర్చే 3,300 అగును. మూడవది సామగ్రి, మందులు. అది వానకాలము, వానకు కప్పుకొను గుడ్డ, గట్టి చెప్పులు కావలెను. చెప్పులను నెల ముందుగనే కొని అలవాటు చేసికొనుడు. దారిలో పాదము బొబ్బలెక్కినచో వైద్యమునకు, బస్సునకు అయ్యెడి వ్యయము చెప్పుల వెలను మించిపోవును. నాలుగవది అందరును మరచునది: మీరు లేని 22 దినముల ఇంటి ఖర్చు. దినకూలిపై బ్రదుకువారికి పోయిన కూలియు ఇందులోనిదే. ఈ నాలుగింటి మొత్తమునకు పదవవంతు ఆపత్తుకై చేర్చుడు. చాలనిచో యాత్రను మరుసటి యేటికి వాయిదా వేయుడు. విఠలుడు ఇటుకపై నిలిచియే యుండును.

మా పెదతండ్రిగారు మరల ఒకసారి వెళ్ళిరి. ఈసారి తిరుగు ఛార్జీని ముందుగనే పంచె కొంగున ముడివైచుకొనిరి. ఆ యేటి విశేషములు వినుటకు మాకు ఆషాఢమంతయు చాలలేదు.