బస్తా కాదు, కిలో చూడాలి



మఠంపల్లి వరి పండే ప్రాంతం. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వచ్చాయంటే నాట్లు మొదలు. నాట్లు పడ్డాయంటే యూరియా కావాలి. కొందరు రైతులు ఫలానా కంపెనీ బస్తానే కావాలంటారు. అది వచ్చేదాకా ఆగుతారు. ఈలోగా వరి పిలకలు వేసే అదును దాటిపోతుంది.

వేపపూత యూరియా బస్తా మీద చదవండి. నత్రజని 46 శాతం అని ఉంటుంది. రామగుండంలో తయారైనా 46 శాతమే. ఓడలో పరాయి దేశం నుంచి వచ్చినా 46 శాతమే. వరి మొక్కకు కంపెనీ పేరు తెలియదు. దానికి కావలసింది నత్రజని. కాబట్టి ఒక కంపెనీది దొరక్కపోతే ఇంకో కంపెనీది వాడవచ్చు. నష్టం లేదు. ఇలాంటి సరుకు కొనేటప్పుడు చూడవలసింది ఒక్కటే. ఏది చవక?

అది తేలాలంటే లెక్క కట్టాలి. 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గించారు. పన్నులు, వేపపూత ఖర్చు కాకుండా పెద్ద బస్తా ధర 268 రూపాయలు. చిన్న బస్తా ధర 242 రూపాయలు. బస్తాకు 26 రూపాయలు తగ్గింది. మరి రైతుకు కలిసొచ్చిందా? చూడండి.

పెద్ద బస్తాలు 9. బరువు 450 కిలోలు. ధర 2,412 రూపాయలు.

చిన్న బస్తాలు 10. బరువు 450 కిలోలు. ధర 2,420 రూపాయలు.

తగ్గింది బరువే. కిలో ధర తగ్గలేదు.

బస్తా ఎందుకు చిన్నది చేశారు? చాలామంది రైతులు ఎకరానికి ఇన్ని బస్తాలని చల్లుతారు. కిలోలు చూడరు. బస్తా చిన్నదైతే వాడకం తగ్గుతుందని ప్రభుత్వం అనుకుంది. బరువు చదివిన రైతుకు ఈ మార్పు తెలిసింది. చదవని రైతుకు తెలియకుండానే చేనుకు వేసే ఎరువు మారిపోయింది.

దుకాణం సంగతీ అంతే. హుజూర్‌నగర్‌లో పది రూపాయలు తక్కువ అంటే సరిపోదు. ఆటో కిరాయి కూడా కలపాలి. అప్పుడు చూడాలి, ఏది చవకో.

ఒక్క జాగ్రత్త. అన్ని ఎరువులూ ఒకదానికొకటి బదులు కావు. డి.ఎ.పి. బస్తా మీద 18-46 అని ఉంటుంది. అందులో నత్రజని 18 మాత్రమే. 46 అన్నది భాస్వరం. అంకె ఒకటే, సరుకు వేరు.

ఇంట్లో ఖాళీ బస్తా ఉంటే తీయండి. బరువు ఎంత? నత్రజని ఎంత? ధర ఎంత? మూడూ చదవండి. కిలో ఎంత పడిందో మీరే లెక్క కట్టండి.