సులువుగా బిగిసిన బ్యారెల్

బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాడివి, నీకు తుపాకుల గోలేంటి అని చాలామంది అడుగుతున్నారు. నేనుండేది టెక్సాస్‌లో, ఇక్కడ ఇదొక హాబీ. ఇండియాలో లైసెన్సు లేకుండా ముట్టుకోకూడదు, అక్కడివాళ్లు కథలా వినండి చాలు.

ఇవాళ్టి విషయం లీ ఎన్‌ఫీల్డ్. మన పోలీసుల భుజాన చూసిన త్రీ నాట్ త్రీ ఆ కుటుంబానిదే. నా దగ్గరున్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి నంబర్ 4. దాని బ్యారెల్ లోపలంతా తుప్పు. తీసేసి, వాడిన బ్యారెల్ ఒకటి కొన్నాను. చేత్తో తిప్పితే చివరిదాకా వెళ్లి, ముందు సైట్ నిటారుగా నిలబడింది. భలే కుదిరిందే అనుకున్నా.

తర్వాత హెడ్‌స్పేస్ చూడాలి. బోల్ట్ మూశాక దాని ముఖానికీ, బ్యారెల్ వెనక అంచుకీ మధ్య ఉండే ఖాళీ అది. తూటా అడుగునున్న అంచు అక్కడే కూర్చుంటుంది. బ్రిటిష్ సైన్యం లెక్కలో 0.064 నుంచి 0.074 అంగుళాలు. అంటే పావు మిల్లీమీటరు వెసులుబాటు, అంతే. ఖాళీ ఎక్కువైతే ఇత్తడి కేసు సాగి తెగుతుంది, వేడి గ్యాస్ వెనక్కి తంతుంది. వెనకుండేది మన కన్ను.

0.074 గేజ్ పెట్టినా నా బోల్ట్ మూసుకుపోయింది. ఫెయిల్. నంబర్ 4కి బోల్ట్ హెడ్లు 0 నుంచి 3 దాకా ఉంటాయి, నంబర్ పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంది. 3 వేశా. పాస్! ఆదివారం అన్నయ్యని రేంజ్‌కి తీసుకెళ్దామని ఫోన్ కూడా చేసేశా.

ఎందుకైనా మంచిదని ఒక పెద్దాయనకి చూపించా, గన్‌స్మిత్. ఆయన ఒకటే అడిగారు: "చేత్తో ఎక్కడిదాకా వచ్చింది?" సరిగ్గా నిటారుగా అన్నాను గర్వంగా. "తప్పంతా అక్కడే ఉంది" అన్నారు.

చేత్తో తిప్పితే బ్యారెల్ కాస్త ముందే ఆగిపోవాలి. మిగతా కొంచెం పెద్ద రెంచీతో లాగి బిగించాలి. ఆ బిగువే దాన్ని పట్టి ఉంచేది. వాడిన బ్యారెల్ భుజం వేరే రిసీవర్‌లో ఎప్పుడో నలిగిపోయి ఉంటుంది. నాది వదులు. కాలుస్తుంటే కదులుతుంది, సైటూ పోతుంది, నేను కొలిచిన హెడ్‌స్పేసూ పోతుంది.

అంటే నేను చేసిందేంటి? బగ్ పట్టుకోకుండా, టెస్ట్ పాసయ్యేదాకా నంబర్ మార్చాను. ఆఫీసులో జూనియర్ చేస్తే తిట్టేవాణ్ణి.

ఇంకో బ్యారెల్ దొరికింది, ఆయనే బిగించారు. నంబర్ 1 హెడ్‌తోనే సరిపోయింది. ఆ పాతది నా డెస్క్ మీదే ఉంచుకున్నా. ఏదైనా మరీ సులువుగా కుదిరితే దానివైపు ఒకసారి చూస్తా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.