పోస్టాఫీసు గోడను చదువుదాం



చరిత్ర అంటే కోటలూ గడీలేనా? పసుపు అమ్మిన పైసలను పట్నంలో చదివే కొడుక్కు మనియార్డరు చేసిన కిటికీ చరిత్ర కాదా? దుబాయి, మస్కట్ నుంచి వచ్చే ఉత్తరం కోసం తల్లులు కూర్చున్న అరుగు చరిత్ర కాదా? ఆర్మూరులో ఈ మాట అడగకపోతే ఇంకెక్కడ అడుగుతాం?

హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా ఉండేది. 1869లోనే సొంత స్టాంపు వచ్చింది. నిజాం స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలూ కనిపిస్తాయి. 1948లో సంస్థానం యూనియన్‌లో కలిసింది. తపాలా మాత్రం 1950 ఏప్రిల్ 1న కలిసింది. అంటే ఎనభై ఏండ్లు మన ఉత్తరం మీద మన ముద్రే పడ్డది. ఈ ముచ్చట ఏ బడిలో చెప్పారు మనకు?

ఆ స్టాంపుల మీద వేసిన బొమ్మలు చూడండి. 1931లో చార్మినార్, హైకోర్టు. 1937లో ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మానియా దవాఖాన. స్టాంపుకెక్కిన ఆ దవాఖాన గతి ఏమైంది? 2020 వానలకు వార్డుల్లోకి నీళ్లొచ్చాయి, పాత భవనాన్ని ఖాళీ చేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త దవాఖానకు పునాదిరాయి వేశారు. అంత పెద్ద కట్టడానికే ఈ గతి పడితే, ఊరి పోస్టాఫీసును పట్టించుకునేదెవరు?

పాతకాలపు సర్కారు కచేరీని ఎట్లా కట్టారో గమనించండి. రాయి, డంగుసున్నంతో మందపు గోడలు. వేడిగాలి పైకి పోయేటట్టు ఎత్తయిన కప్పు. ముందు జనం నిలబడే వరండా, దాని వెనుక ఇనుప చువ్వల కౌంటరు, లోపల ఉత్తరాలు వేరుచేసే గది. పనిని బట్టి గదులు కట్టారు. సున్నపు గోడ తడిని పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. మరమ్మతు పేరుతో దానికి సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి గోడ పొడిపొడిగా రాలుతుంది. ఆ తర్వాత ‘శిథిలమైంది, కూల్చండి’ అంటారు!

మన పల్లెల్లో చాలా పోస్టాఫీసులకు సొంత గూడే లేదు. కిరాయి ఇంట్లో ఉన్నవి ఇల్లు మారితే ఆనవాలు కూడా మిగలదు. అటు సేవలూ మాయమవుతున్నాయి. 2013 జులైలో టెలిగ్రాం ఆగింది. 2015లో పాత మనియార్డరు పోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పని పోయిన గదికి కాపలా ఎవరుంటారు?

అందుకే మనం చేయాల్సిన పని చెప్పుకుందాం. ఆర్మూరు పిన్‌కోడ్ 503224. అందులో మొదటి మూడంకెలు నిజామాబాద్ వైపు దారి చూపితే, చివరి మూడు మన పోస్టాఫీసును చూపుతాయి. ఆ పిన్‌కోడ్ కింద ఉన్న ప్రతి ఊరికీ విద్యార్థులు పోవాలె. పోస్టాఫీసు ఎక్కడెక్కడ నడిచిందో పెద్దమనుషులను, పాత పోస్ట్‌మ్యాన్లను అడిగి రాసుకోవాలె. కట్టడం పొడవు వెడల్పులు కొలిచి ఫొటోలు తీయాలె. ఇంట్లో దాచిన గల్ఫ్ ఉత్తరాల కవర్లను, వాటి మీది ముద్రలను భద్రం చేయాలె. ఉద్యోగ మిత్రులు పాత రిజిస్టర్లను చిత్తుకాగితాల కింద అమ్మనీయొద్దు. పాత గోడకు సున్నంతోనే మరమ్మతు చేయాలని అర్జీలు పెట్టాలె.

రాష్ట్రం 2014లో వచ్చింది. చరిత్ర మాత్రం దానంతటది రాదు. గోడ కూలకముందే మనం రాసుకుందాం!