నమ్మిక యను మాట



విజ్ఞానశాస్త్రము చదివెడి మన విద్యార్థులకు వేతనము లేల యియ్యవలెను, ఆ చదువు నమ్మికను జెఱచును గదా యని నిన్న కార్యనిర్వాహకవర్గమున నొక పెద్దలు ప్రశ్నించిరి. యువకులలో గొందఱు నమ్మికయే యజ్ఞానమని బదులు పలికిరి. ఉభయులును ఒక్క మాటనే వేర్వేఱర్థములలో వాడుచున్నారని నా మనవి.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును జూచుటకై జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చెను. గణితము చెప్పిన గడియకు సూర్యుడు మఱుగుపడునని నమ్మియే గదా ఆయన సముద్రములు దాటెను! అది భక్తి కాదు, వట్టి యూహయు గాదు. పలుమాఱులు నిజమైన లెక్కయందలి భరవసము. పంచాంగము జూచి గ్రహణస్నానమునకు సిద్ధపడెడి మన యింటి పెద్దమ్మలకు గలదియు నదియే.

ఆ యేడే సూర్యకాంతి వర్ణపటమున నొక పసుపుపచ్చని గీత కనబడెను. భూమిమీద నెఱిగిన యే పదార్థమునకును అది సరిపడలేదు. ఇంగ్లండున లాకియరు దానిని క్రొత్త మూలద్రవ్యముగా దలచెను. సూర్యుని గ్రీకునామమును బట్టి హీలియమని పేరు వచ్చెను. రసాయనజ్ఞులు పలువురు సందేహించిరి. తుదకు 1895లో రామ్సే యొక యురేనియపు ఖనిజమునుండి వెలువడిన వాయువునందు ఆ గీతనే కనుగొనెను. చేతికందని వస్తువును ఇరువదియేడేండ్లు నమ్మియుండుట సామాన్యమా?

కాని యింతటితో ఆపిన నేను మీకు సగము కథయే చెప్పినవాడ నగుదును. 1869 నాటి గ్రహణమున సూర్యుని పరివేషమునం దొక యాకుపచ్చని గీత కనబడెను. అదియు క్రొత్త మూలద్రవ్యమే యనుకొని కరోనియమని పేరిడిరి. అదే తర్కము, అదే నిజాయితీ! అయినను 1940 ప్రాంతమున ఎడ్లెన్ అను స్వీడను పండితుడు, అది తన యిరువదియాఱు ఎలక్ట్రానులలో సగము గోల్పోయిన యినుము గీతయేయని తేల్చెను. కరోనియము పుస్తకములనుండి తొలగెను. దానిని నమ్మినవారి నెవరును వెలివేయలేదు. (వెలివేయుటను గూర్చి మన పెద్దలకు వేఱుగ జెప్ప నక్కఱలేదు.)

శాస్త్రమునందలి నమ్మిక యిట్టిది: సాక్ష్యము మాఱిన నాడు విడువ సిద్ధమై పట్టుకొనునది. ఆ పెద్దలు చెప్పెడి భక్తి వేఱు; దానిని వర్ణపటముతో గొలువ నేను బూనుకొనను. యువకులను మాత్ర మొకటి యడిగెదను: ఎలక్ట్రాను కలదని మీరు నమ్మితిరి గదా, అది గురువు మాటపైననా, స్వయముగ జేసిన ప్రయోగముపైననా? మాటపైననే యైనచో మీ నమ్మికయు అరువు తెచ్చుకొన్నదే.

కనుక మధ్యాహ్నము సభకు రానున్న విద్యార్థివేతనముల తీర్మానమున పుస్తకముల వెలతోపాటు ప్రయోగశాల రుసుమునుగూడ జేర్చవలసినదిగా పోషకమహాశయులను గోరుచున్నాను.