చ్వాన్‌జౌ పట్టణమున మూడు దినములు

చైనా దేశమునకు ఆగ్నేయమున, ఫూజియన్ రాష్ట్రమందు, సముద్రతీరమున చ్వాన్‌జౌ అను పట్టణము కలదు. నేడు మన గ్రామములలో దీని పేరు విన్నవారు అరుదు. ఏడువందల యేండ్లకు పూర్వము మాత్రము దీని పేరు విననట్టి ఓడవర్తకుడు అరుదు. అరబ్బులు దీనిని జైతూన్ అని పిలిచిరి. వెనీసు నగరవాసి యగు మార్కోపోలో దీనిని లోకమునందలి మిక్కిలి గొప్ప రేవులలో నొకటిగా వర్ణించెను. ఆ మార్కోపోలోయే మన కాకతీయుల మోటుపల్లిని గూర్చియు తన గ్రంథమున ప్రస్తావించెను. గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లిలో అభయశాసనము వేయించి, గాలివానకు ఒడ్డున పడిన ఓడల సొత్తును రాజులు హరించు దురాచారమును మాన్పి, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని ప్రకటించిన సంగతి శ్రోతలలో పలువు రెరుగుదురు. ఒకే గ్రంథమున కెక్కిన ఈ రెండు రేవులలో మనది నేడొక చిన్న పల్లె. రెండవది యెట్లున్నదో చూడవలెనను కోరిక నాకు చిరకాలముగా నుండెను.

మా మేనల్లుడు ఆ ప్రాంతమున షియామెన్ నగరమందు ఉద్యోగము చేయుచున్నాడు. గడచిన పుష్యమాసమున అతని యింట కొన్నాళ్లుండి, అందు మూడు దినములు చ్వాన్‌జౌలో గడపితిని. చైనాలో చలి యనగానే మంచుగడ్డలను తలపవలదు. ఈ యూరు కర్కటరేఖకు కొలది దూరముననే యున్నది. మన మన్యపు చలి వంటి చలి. ఒక శాలువ చాలును. అయితే ఇండ్లలో కాచుకొనుటకు నిప్పుగూడు లేదు. దుకాణదారులు దళసరి కోటులు తొడిగికొనియే లోపల కూర్చుండి, చేతులు వెచ్చబడుటకు తేనీటి గిన్నెలను రెండు చేతులతో పట్టుకొనియుందురు.

పాతపట్టణమునకు నడుమ పడమటివీధి యను వీధి యున్నది. ఎఱ్ఱ ఇటుకల గోడలు. రెండు కొనలయందును వానకోయిల తోకవలె చీలి పైకి లేచిన ఇంటికప్పుల వెన్నులు. వీధినుండి చీలిన సందులలో ఇద్దరు మనుష్యులు ఎదురైనచో ఒకరు గోడకు ఒదిగి నిలువవలెను. ఆ సందులలోనే బావులు, తులసికోటలంత చిన్న దేవుని గూళ్లు, గడపల చెంత ముసలివారి చదరంగము. పనులు మాని చదరంగమాడు ముసలివారు అన్ని దేశములందును ఒకే తీరున నుందురు కాబోలు.

ఆ వీధిలోనే 686లో స్థాపించిన కైయువాన్ బౌద్ధవిహారము కలదు. అది పూర్వమొక కంబళిచెట్ల తోట యనియు, ఆ చెట్లకు తెల్లతామరలు పూసినందున యజమాని తోటను విహారమునకు దానమిచ్చె ననియు కథ. ముదిమిచే చీలిన యొక కంబళిచెట్టును నేటికిని చూపుదురు. ఆవరణమున రెండు శిలాగోపురము లున్నవి. రెండును అష్టకోణములు, అయిదంతస్తులు. పదుమూడవ శతాబ్దమున కట్టినవి. తూర్పుగోపురము ఎత్తు సుమారు 48 మీటరులు. 1604లో వచ్చిన మహాభూకంపమునకు ఊరు కూలినను ఈ రెండును నిలిచినవి. పడమటి గోపురముమీద వానరముఖము గల వీరుడొకడు కత్తి పట్టి నిలిచియున్నాడు. వానిని మన హనుమంతునితో పోల్చిన పండితులు కలరు. నేనంత దూరము పోజాలను.

కాని ప్రధానమందిరము వెనుకభాగమున నేను చూచిన దానికి ఊహ అక్కరలేదు. అచ్చట ముదురురంగు రాతితో చెక్కిన రెండు స్తంభములు కలవు. వానిమీద చిన్న చిన్న చట్రములలో బొమ్మలు. మా మేనల్లుడు దీపము పట్టగా నేను మొదట చూచినది, హిరణ్యకశిపుని తొడపై పరుండబెట్టుకొని చీల్చుచున్న నరసింహుడు. ఆ పిమ్మట రోలు కట్టబడి రెండు మద్దిచెట్ల నడుమ ప్రాకు బాలకృష్ణుడు. మరియొకచట మొసలిచే పట్టువడిన గజేంద్రుడు. నలువది యేండ్లు పిల్లలకు గజేంద్రమోక్షము చెప్పినవాడను. ఆ యేనుగును చైనాదేశపు బౌద్ధాలయమున చూచుట నాకు మాటలకందని యనుభవ మయ్యెను. ఈ శిల్పములు మన పోతనామాత్యుడు పుట్టుటకు నూరేండ్లకు పైగా ముందటివి. మన భాగవతము తెలుగు కాకమునుపే ఆ కథ ఓడయెక్కి ఇంత దూరము వచ్చినదన్నమాట.

ఆ స్తంభములు అచ్చటికెట్లు వచ్చెను? పదుమూడవ శతాబ్దమున ఈ యూర తమిళ వర్తకులు స్థిరపడి శివాలయము కట్టుకొనిరి. శక 1203, అనగా 1281వ సంవత్సరమున వేసిన శాసన మొకటి 1956లో దొరికినది. అందు తమిళమును, చివర కొంత చైనా వ్రాతయు కలవు. సంబంధపెరుమాళ్ అను నతడు మంగోలు చక్రవర్తి అనుమతిపత్రముతో ఈశ్వరప్రతిష్ఠ చేసినట్లు అందున్నది. మంగోలుల యేలుబడి చివర, 1357 మొదలు 1366 వరకు, ఈ యూర ఘోరమైన అంతర్యుద్ధము జరిగి పరదేశి వర్తకులు పలువురు హతులైరి, మిగిలినవారు చెదరిపోయిరి. శివాలయము శిథిలమయ్యెను. దాని రాళ్లు కొన్ని ఇట్లు విహారమునకు చేరినవి, కొన్ని నగరప్రాకారమున ఇటుకలవలె కలిసిపోయినవి.

ఇచ్చట మీకొక బడిపంతులను గూర్చి చెప్పవలెను. అతని పేరు ఊ వెన్‌లియాంగ్. ఆ యూరి పాఠశాలలో జీవశాస్త్రము చెప్పెడివాడు. 1920 దశకము నుండి ప్రాకారమును పడగొట్టుచుండగా, పాత చెక్కడములు గల రాళ్లు బయటపడుచుండెను. రాతిపనివారు వానిని పగులగొట్టి మెట్లకును కాలువగట్లకును వాడుకొనుచుండిరి. ఈ పంతులు వారి వెంటపడి, తన జీతములోనుండి వెల యిచ్చి ఒక్కొక్క రాయిని కొని ఇంటికి చేర్చెను. శివలింగమున కర్చన చేయు ఏనుగు చెక్కిన రాయి, అరబ్బీ వ్రాత గల సమాధిరాయి, సిలువ చెక్కిన క్రైస్తవుల రాయి, అన్నియు అతనికి సమానమే. ఏ మతమునకు చెందినదని అతడు బేరమాడలేదు. తుదకు వానిని ప్రభుత్వమున కిచ్చి, 1957లో వానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. నేడు అక్కడి నౌకావర్తక ప్రదర్శనశాలలో చూచు రాళ్లు పెక్కు అతని చలువయే. బడిపంతులు జీతము ఎంతటిదో నేనెరుగుదును. ఇంటివారు ఏమనిరో గాని, ఆ రాళ్లలో నొక్కటి కూడ ఈనాడు మనకు దక్కియుండెడిది కాదు. మన యూళ్లలో శాసనపు బండలమీద బట్టలు ఉతుకుచుండుట నా కండ్లార చూచినదే గనుక ఇంతగా చెప్పుచున్నాను.

రెండవనాడు తుమెన్ వీధికి పోయితిమి. 1009లో కట్టిన మసీదు గోడలు అక్కడ నిలిచియున్నవి; పైకప్పు లేదు. దానికి కూతవేటు దూరమున క్వాన్‌యూ అను వీరదేవుని గుడి. మసీదు నిశ్శబ్దము, గుడి జాతర. అచ్చట భక్తులు చంద్రవంక ఆకారముగల రెండు కొయ్యముక్కలను నేలపై వేసి దేవుని ప్రశ్నింతురు. ఒకటి వెల్లకిలను, ఒకటి బోరగిలను పడినచో దేవుడు సమ్మతించినట్లు. ఒక యువతి ఏడెనిమిది మారులు వేసి, కోరిన జవాబు వచ్చిన పిమ్మట లేచినది. 1966 మొదలు పదేండ్లపాటు ఆ దేశమంతట పూజలు నిలిచిపోయినవి. ఆ యేండ్లలో పెరిగినవారి మనుమలే నేడు ఇట్లు మోకరిల్లుచున్నారు.

సముద్రపు టొడ్డున షున్‌పూ పల్లెలో స్త్రీలు సిగచుట్టును పూలదండలు వలయములుగా చుట్టుకొందురు, ముసలమ్మలు సైతము. పూలు లేని తల వారికి బోసిగా తోచునట. మన యాడపడుచులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇండ్ల గోడలలో పెద్ద పెద్ద ఆల్చిప్పలు పొదిగియుండును.

మూడవనాడు ఊరివెలుపల చెదియన్ గ్రామమునకు పోయితిమి. చిన్న గుడి, లోపల చతుర్భుజ యగు దేవి, పాదములక్రింద ఒక రక్కసుడు, ఇరువైపుల పరిచారికలు. పండితులు ఈ మూర్తి తమిళ శైవాలయమునకు చెందినదందురు. ఊరివారు మాత్రము కరుణామూర్తి యగు క్వాన్‌యిన్ అని తరతరములుగా కొలుచుచున్నారు. ధూపము వేయుచున్న యొక వృద్ధురాలు మమ్ము చూచి మా మేనల్లునితో మాటలాడినది.

“మామయ్యా, మన దేశమున ఈ తల్లి నేమందురని అడుగుచున్నది. ఏమి చెప్పమందురు?” అని యతడనెను.

కాళి యందురనియు, చాముండి యందురనియు, ఊరూరను వేర్వేరు పేర్లు కలవనియు చెప్పుమంటిని. అతడు చెప్పెను. ఆమె కొంతసేపు ఆలోచించి, దేవి ముందరి పళ్లెమునుండి రెండు నారింజపండ్లు తీసి మాకు చెరియొకటి ఇచ్చి, తిరిగి ధూపము వెలిగించుటకు పోయెను.